ద్వీపం అల్లుడు

తమ్ముడు భోజనానికి వస్తున్నాడన్న సంగతి మా ఆయన నాకు ఆఫీసు భాషలో చెప్పారు.

"బుధవారం మధ్యాహ్నం మీ తమ్ముడికి కుటుంబ సందర్శన వేశాం."

నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. "వేశాం అంటే?"

"కార్యక్రమంలో పెట్టాం. మిగతా బృందానికి మ్యూజియం, వాడికి నువ్వు."

"అంటే నేనూ మ్యూజియమూ ఒకటే."

"మ్యూజియంలో అన్నం పెట్టరు" అన్నారు చొక్కా గుండీలు విప్పుకుంటూ. ఆయన నవ్వలేదు. ఈమధ్య హాస్యం కూడా సంతకం పెట్టినట్టే ఆడుతున్నారు, అలవాటు కొద్దీ.

మా ఆయన విదేశాంగ శాఖలో ద్వీపాల విభాగం చూస్తారు. ఈ దేశం పెద్దది. దీనికి దిగువన సముద్రంలో చిన్న చిన్న ద్వీపదేశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను పుట్టాను, డిగ్రీ దాకా అక్కడే చదివాను. ఈయన కొత్త ఉద్యోగిగా అక్కడి దౌత్య కార్యాలయానికి వచ్చి మా ఎదురింట్లో అద్దెకు దిగారు. తర్వాతి కథ ఊహించుకోవచ్చు. పెళ్ళయి ఇక్కడికి వచ్చేశాక శాఖలో ఆయనకు "ద్వీపం అల్లుడు" అని పేరు పడింది. ద్వీపాల సంగతి ఏది వచ్చినా పైవాళ్ళు "అల్లుడుగారిని పిలవండి" అనేవాళ్ళు. మొదట్లో ఆ పిలుపు ఆయనకు బాగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా అలా అంటే ఆయన మొహంలో ఏదీ కదలదు.

మా ద్వీపంలో ఈ దేశాన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. పెద్దన్న అంటారు. పెద్దన్న వంతెన, పెద్దన్న ఆసుపత్రి, పెద్దన్న కట్టించిన నీళ్ళ ప్లాంటు. పెట్రోలు ఓడ రావడం ఆలస్యమైతే "ఈసారి మనం ఏం వాగాం?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు.

తమ్ముడు ఆ నీళ్ళ ప్లాంటుకి ఇంజనీరు. సముద్రపు నీటిని తాగే నీళ్ళుగా మార్చే ప్లాంటది. ద్వీపంలో బావులన్నీ ఉప్పుబడి చాలాకాలమైంది. ప్లాంటు ఆగితే వాన తప్ప దిక్కులేదు. ఏదో ఒప్పందం మాట్లాడటానికి వాళ్ళ మంత్రి బయలుదేరుతూ, నీళ్ళ సంగతి తెలిసినవాడు పక్కన ఉండాలని తమ్ముణ్ణి వెంట తెచ్చుకున్నాడు. ఆ మంత్రి ఒకప్పుడు మాకు లెక్కలు చెప్పిన మాస్టారే. ఇప్పటికీ ద్వీపంలో ఆయన్ను మంత్రిగారని పిలిచేవాళ్ళు తక్కువ, మాస్టారనే అంటారు.

ద్వీపాల నుంచి బృందాలు వచ్చినప్పుడు శాఖవాళ్ళు పనిచేసే తీరు ఒకటుంది. దిగిన రోజు నుంచి అతిథుల్ని తిప్పుతారు. ఆనకట్ట, ఫ్యాక్టరీ, విశ్వవిద్యాలయం, జంతుప్రదర్శనశాల, ప్రతిచోటా టీ, ఉపన్యాసం, ఫొటో. అసలు చర్చలు చివరి రోజు పెడతారు. సాయంత్రం విమానం ఉంటుంది. అప్పటికి అతిథుల కాళ్ళు వాచి, కళ్ళు మూతలు పడుతుంటాయి. మాట్లాడటానికి సమయం మిగలదు, సంతకానికి మాత్రం మిగులుతుంది. ఈ కార్యక్రమం మొదట వేసినవారు మా ఆయనే. అంత దూరం వచ్చినవాళ్ళు నాలుగు చోట్లు చూసి వెళ్ళాలని నిజంగానే అనుకున్నారు. అందులోని లాభం పైవాళ్ళు కనిపెట్టారు. ఆ తర్వాత దాన్ని మార్చమని ఈయన అడగలేదు.

బుధవారం, వాళ్ళ పర్యటనలో చివరి రోజు, తమ్ముడు ఆఫీసు కారులో దిగాడు. గుమ్మంలోనే బరువైన సంచి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఏంట్రా ఇది, ఇటుకలా?"

"జ్ఞాపికలక్కా. ఎక్కడికెళ్తే అక్కడ ఒకటి చేతిలో పెట్టి ఫొటో తీస్తున్నారు. ఆనకట్ట దగ్గర గాజుది ఇచ్చారు. సిమెంటు ఫ్యాక్టరీలో సిమెంటుదే ఇచ్చారు. నీ దగ్గరే ఉంచుకో, విమానంలో వీటికి వేరే టిక్కెట్టు కొనాలి."

"నాకెందుకురా? ఇప్పటికే మీ బావవి బీరువా నిండా ఉన్నాయి."

"అయితే తలుపుకి అడ్డం పెట్టుకో, గాలికి కొట్టుకోకుండా."

కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకున్నాడు. మేజోళ్ళకు తెల్లగా సిమెంటు దుమ్ము. నాకంటే ఏడేళ్ళు చిన్నవాడు, నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం రెండోసారి వడ్డించుకున్నాకే మనుషుల్లో పడ్డాడు.

"జూ కూడా చూపించారా?" అన్నాను.

"చూపించారు. ఏనుగు నన్ను చూసి జాలిపడింది. వీణ్ణి ఎన్నాళ్ళ నుంచి ఇలా తిప్పుతున్నారో అన్నట్టు చూసింది."

"మరి అక్కడ నీళ్ళెలా ఉన్నాయిరా?"

"రోజు మార్చి రోజు వదులుతున్నాం. ఫిల్టర్లు పోయాయి. పెద్దన్నని అడిగి రెండు వానాకాలాలు దాటాయి. ఇవ్వం అనరు, ఇస్తాం అనరు. నీళ్ళు నములుతున్నారు, అవీ మా నీళ్ళే."

నేను కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ తీసేశాడు.

"ఇప్పుడు ఇస్తామంటున్నారు. కాకపోతే ఇకమీదట ప్లాంటులో ఏ సామాను వెయ్యాలన్నా వీళ్ళ అనుమతి కావాలట. దాని వెనకాలే ఇంకో కాగితం, మన ఉత్తరపు రేవు వీళ్ళ యుద్ధనౌకలకి ఇవ్వాలని. రెండిటికీ సంబంధం లేదట అక్కా. ఒకే గుండుసూదితో గుచ్చారు, అంతే."

"సంతకం పెట్టకపోతే?"

"మేం వేరే చోట ఫిల్టర్లు కొన్నాం. వచ్చేవారం ఓడలో వస్తున్నాయి. ఒక్కసారి బిగించామంటే రెండేళ్ళు ఎవరి గడ్డమూ పట్టుకోనక్కర్లేదు. ఇవాళ సంతకం పడిందా, వాటిని ఓడలోంచి దించడానికి కూడా ఉండదు."

"ఈ ఓడ సంగతి మీ బావకి తెలుసా?"

"తెలియకేం! అందుకేగా ఇంత మర్యాద."

అప్పుడే వాకిట్లోంచి డ్రైవరు పిలిచాడు, మంచినీళ్ళు కావాలని. చెంబూ గ్లాసూ తీసుకుని వెళ్ళాను. ఎండలో నిలబెట్టిన కారు పక్కన నీడ చూసుకుని కూర్చున్నాడు.

"మీరూ లోపలికొచ్చి భోంచెయ్యండి. మ్యూజియం నుంచి వాళ్ళొచ్చేసరికి ఇంకా టైముంటుందిగా."

"మ్యూజియమేంటమ్మా? మీటింగు మొదలైపోయింది. సాయంత్రమన్నది ముందుకి జరిపారని పొద్దున్నే మాకు చెప్పారు. ఈ సార్‌ని ఇక్కడ దింపి, ఇట్నుంచి ఇటే విమానాశ్రయానికి తీసుకురమ్మన్నారు నన్ను."

గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి వచ్చాను. నాకు కోపం వస్తే గిన్నెలు చప్పుడు చెయ్యను. మెల్లగా పెడతాను. ఆ చెంబు కూడా మెల్లగా పెట్టాను.

"ఒరే, లేవరా. చెయ్యి కడుక్కో. చర్చలు మొదలయ్యాయట. నీళ్ళ సంగతి తెలిసిన ఒక్కణ్ణీ నిన్ను ఇక్కడ కూర్చోబెట్టి, అక్కడ మాస్టారి చేత సంతకం పెట్టించుకుంటున్నారు. మ్యూజియమని నాకు అబద్ధం చెప్పారు మీ బావ. నా వంటని అడ్డం పెట్టుకుని..."

తమ్ముడు పెరుగు కలుపుకుంటున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

"వింటున్నావా?"

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ముందుకి జరిపారని తెలుసు. కారెక్కే ముందు మాస్టారే చెప్పారు. వెళ్ళిరా, నింపాదిగా తిను, ఫోను కట్టేసుకో అన్నారు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మేం కాదంటే పెద్దన్నకి కోపం. అవునంటే మా కొంప మునుగుతుంది. అందుకని విమానం ఎక్కేదాకా కాదనకుండా, అవుననకుండా గడపాలి. మా ఇంజనీరు చూడందే నీళ్ళ కాగితం మీద సంతకం పెట్టనంటారు మాస్టారు. ఇంజనీరేడీ అని వీళ్ళడుగుతారు. అక్క ఇంట్లో ఉన్నాడు, మీరు పంపినచోటే ఉన్నాడు అంటారు మాస్టారు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. ఇంతకాలం నుంచీ ఇలా మనుషుల్ని తప్పించి సంతకాలు పెట్టించుకుంటున్నారు కదా, ఆ తప్పించిన మనిషే అవసరమవుతాడని వీళ్ళకి తోచలేదు."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు బావ ముందు మొహం మామూలుగా పెట్టుకోగలవా? చిన్నప్పుడు చక్కెర డబ్బా దొంగిలించింది నేను, దొరికిపోయింది నీ మొహం."

చెయ్యి కడుక్కుని ముందుగదిలో దివాను మీద వాలాడు. తువ్వాలు ఇద్దామని నేను వెళ్ళేసరికి నిద్రపోయాడు. దొంగ నిద్రేమోనని వంగి చూశాను. నోరు తెరుచుకుని ఉంది. ఒక కాలు నేల మీదే ఉంది, పైకి పెట్టుకునే ఓపిక కూడా లేనట్టు. కాలెత్తి పైన పెట్టాను. కదల్లేదు.

కంచాలు కడుగుతుంటే ఫోను మోగింది. మా ఆయన.

"వాడున్నాడా?"

"ఉన్నాడు."

"వాడి ఫోను కట్టేసి ఉంది. వెంటనే కారెక్కించి పంపు. ఇక్కడ అర్జంటు."

"మ్యూజియం చూడటం అయిపోయిందా?"

ఆయన వెనకనుంచి ఎవరో "అల్లుడుగారూ, ఏమైంది?" అంటున్నారు.

"అది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ముందు వాణ్ణి పంపించు. మీ మాస్టారు వాడు రాందే కలం ముట్టుకోనంటున్నాడు. మా శాఖ కార్యదర్శి నా వైపే చూస్తున్నారు."

"వాడు పడుకున్నాడు."

"లేపు."

"అన్నం తిని పడుకున్న మనిషిని నేను లేపను."

"అదేం మాట? నువ్వు లేపకపోతే నా పని ఏమవుతుందో తెలుసా?"

తెలుసు. ఆయన వేసిన కార్యక్రమం, ఆయన పెళ్ళాం పెట్టిన భోజనం, ఆయన బావమరిది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ మూడూ కలుపుకుంటారు. ఇంకా కొన్నేళ్ళ ఉద్యోగం ఉంది. మాకు ఈ క్వార్టరు తప్ప వేరే ఇల్లు లేదు. ముందుగదిలో వాడి గురక వినిపిస్తోంది. వాడు లేస్తే మా ఊళ్ళో కుళాయిల సంగతి ఇంకెప్పటికీ వీళ్ళ చేతిలోనే ఉంటుంది. వాడు లేవకపోతే మా ఆయన.

"తెలుసు" అన్నాను. "అయినా లేపను. మీకు కావాలంటే మీరొచ్చి లేపుకోండి."

ఫోను పెట్టేశాక నా చేతికి సబ్బు నురగ ఇంకా ఉందని చూసుకున్నాను. కాసేపటికి డ్రైవరు గుమ్మం దాకా వచ్చాడు. అతనికీ ఫోను చేసినట్టున్నారు. నా మొహం చూసి, "పడుకున్నారామ్మా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మా ఆయన వేరే కారులో వచ్చారు. చొక్కా వీపంతా తడిసింది. చెప్పులు విప్పకుండా నేరుగా ముందుగదిలోకి వెళ్ళి దివాను ముందు నిలబడ్డారు. నేను తలుపు దగ్గర ఉన్నాను.

"నిజంగానే నిద్రపోతున్నాడే" అన్నారు.

"అలసగొట్టింది మీరేగా."

ఆయన కళ్ళు తమ్ముడి మేజోళ్ళ మీద ఆగాయి. ఆ ఫ్యాక్టరీ పేరు కార్యక్రమంలో రాసింది తనే. వంగి భుజం మీద చెయ్యి వేశారు. "ఏవోయ్ మంచినీళ్ళ దొరా" అన్నారు. బావమరిదిని ఎప్పుడూ అలాగే పిలుస్తారు, వీధి చివరిదాకా వినపడేట్టు. ఈసారి నాకే సరిగ్గా వినపడలేదు. ఆ గొంతుకి ఎవరూ లేవరు. భుజం మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తీసేశారు.

భోజనాల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. వాచీ చూసుకున్నారు. మళ్ళీ లేస్తారనుకున్నాను. లేవలేదు.

"అన్నం తిన్నారా?"

"ఎక్కడ!"

వడ్డించాను. కూర చల్లారిపోయింది. వేడి చేస్తానంటే వద్దన్నారు. నాలుగు ముద్దలు తిన్నారో లేదో ఫోను మోగింది. బల్ల మీద అది కదులుతుంటే దాని వైపు చూస్తూ నమిలి మింగి, ఎడమచేత్తో తీశారు.

"సార్. అతిథికి అస్వస్థతగా ఉంది సార్... ప్రయాణ బడలిక... లేదు సార్, ఈ స్థితిలో కదల్చడం మంచిది కాదు... అవును సార్. కార్యక్రమం నేనే వేశాను." ఆ తర్వాత చాలాసేపు విన్నారు. "సరే సార్" అని పెట్టేశారు.

నేను నిలబడే ఉన్నాను. "ఏమన్నారు?"

"మంత్రిగారు విమానం టైమైందని లేచారట. సంతకం వచ్చే సమావేశానికి వాయిదా." ముద్ద కలిపి తినకుండా ఉంచారు. "అల్లుడుగారూ, ద్వీపాలతో బాగా అలసిపోయారు, ఇంక విశ్రాంతి తీసుకోండి అన్నారు."

"అంటే?"

"రేపట్నుంచి ద్వీపాలు ఇంకొకరు చూస్తారు. శాఖలో కొత్తగా చేరిన కుర్రాడు, సముద్రాన్ని పటంలో తప్ప చూడనివాడు. నన్ను పాత దస్త్రాల్లో కూర్చోబెడతారు." నా మొహంలో ఏం కనిపించిందో, "నువ్వేం సంబరపడకు. మీవాళ్ళ కోసం చెయ్యలేదు. నీకోసమూ కాదు. వాణ్ణి లేపి, కారెక్కించి, మళ్ళీ ఆ గదిలో కూర్చుని, మళ్ళీ ఆ మాటలే... నాకు ఓపిక లేదు" అన్నారు.

"మ్యూజియమని నాకు అబద్ధం చెప్పారు."

"చెప్పాను."

అంతకంటే అడగడానికి నాకూ ఓపిక లేకపోయింది. పెరుగు వేశాను.

తమ్ముడు తనంతట తానే లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి, బల్ల దగ్గర బావని చూసి ఆగిపోయాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. జరిగింది నేనే చెప్పాను, ఉన్నదున్నట్టు. వాడి మొహం వెలుగుతుందనుకున్నాను. కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యో బావా! నిన్ను తీసేస్తారని మాస్టారూ అనుకోలేదు."

"మాస్టారికి లెక్కలొచ్చుగా, ఇది తేలలేదా?"

"హాస్యం కాదు. నువ్వున్నంతకాలం పెద్దన్నకి కోపం ఎప్పుడొస్తుందో మాకు ముందే తెలిసేది."

"నేనెప్పుడూ నీకు ఒక్క మాట చెప్పలేదే!" ఆయన నిజంగానే అదిరిపడ్డారు.

"చెప్పక్కర్లేదు. ఫోన్లో నా ఆరోగ్యం రెండోసారి అడిగావంటే మేం పెట్రోలు నిలవ చేసుకునేవాళ్ళం."

మా ఆయన నా వైపు తిరిగారు. "నేనలా అడుగుతానా?"

"అడుగుతారు" అన్నాను. నేను గమనించాను గానీ, ద్వీపమంతా గమనించిందని నాకూ ఇప్పుడే తెలిసింది.

ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి సరిగ్గా కుదరలేదు, దగ్గులా వచ్చింది. "ఇరవై ఏళ్ళు రహస్యాలు దాచాననుకున్నాను" అన్నారు.

ఇద్దరూ కలిసి ఒకే కారులో విమానాశ్రయానికి వెళ్ళారు. అతిథులకు వీడ్కోలు చెప్పడం ఇంకా ఆ రోజుకి ఆయన పనే. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నారట, ఏమీ అనలేదట. కార్యదర్శి రాలేదు. పూలగుత్తి మాత్రం పంపారు.

తర్వాత ఓడ వచ్చింది. ఫిల్టర్లు బిగించామని, రోజూ నీళ్ళు వదులుతున్నామని తమ్ముడు ఫోను చేశాడు. వెనక ఎక్కడో కుళాయి పారుతున్న చప్పుడు నాకు వినిపించాలని ఫోను అటు పెట్టాడు. విన్నాను. చివర్లో గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. వైద్యం కోసం ఇక్కడికి రావలసినవాళ్ళ వీసాలు ఆగిపోయాయట. మా పిన్ని కంటి ఆపరేషను కూడా అందులో ఉంది. అడిగితే పరిశీలనలో ఉందంటున్నారట. కొత్త ఆయన ఎవరి బాగోగులూ అడగడట, వచ్చిన మాటకి జవాబిచ్చి పెట్టేస్తాడట.

మా ఆయన ఎదురుగానే టిఫిను తింటున్నారు. ఇప్పుడు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. నేను చెప్పింది వింటూ ప్లేటు ఖాళీ చేశారు.

"నెల రోజులు ఆపుతారు" అన్నారు. "మీ పిన్నిది తొందరగానే వదుల్తారు, ముసలావిడ కాబట్టి పేపర్లో పడితే బాగుండదు. మిగతావాళ్ళవి ఒక్కొక్కటే వదుల్తారు. ఆ తర్వాత ఇక్కణ్ణుంచి ఎవరో ఒకరు పళ్ళబుట్ట పట్టుకుని వెళ్ళి, రేవు మాట మళ్ళీ ఎత్తుతారు."

"మీకెవరు చెప్పారు? ఆఫీసులో ఎవరైనా అన్నారా?"

"నాకెవరు చెప్తారు? నేనున్నా అంతే చేసేవాణ్ణి" అని ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టారు.